డాక్టర్ గారి ప్యాకార్డ్

ఆ నల్ల ప్యాకార్డ్ కారు ముందు వర్నీటా నిలవలేకపోతోంది. వెళ్లి బెంచీ మీద కూర్చుంటుంది. అంతలోనే లేచి మళ్లీ కారు దగ్గరికి వస్తుంది.

“కాస్త కుదురుగా కూర్చోరాదుటే? నిన్ను చూస్తుంటే నాకు కళ్లు తిరుగుతున్నాయి,” అంది ఒడెస్సా. చర్చిలో ఏళ్ల తరబడి పక్కపక్కన కూర్చునే స్నేహితురాలు. ఆ చర్చివాళ్లే ముసలివాళ్లందర్నీ బస్సెక్కించి ఈ పాత కార్ల మ్యూజియానికి తీసుకొచ్చారు. మిగతావాళ్లు అవతల క్యాడిలాక్‌ల దగ్గర ఫొటోలు దిగుతున్నారు.

“ఇది ఒకప్పుడు టెన్నెసీ రాష్ట్రంలో ఉన్న డాక్టర్ లూథర్ క్రెన్షా గారి బండి,” అంటూ వచ్చాడు గైడు హాల్వర్సన్. ఎర్రటి ముఖం, తెల్లటి మీసం, మంచి మాటకారి. “వెనక సీటు చూడండి, నిన్న కుట్టినట్టుంది. డాక్టర్ గారు చాలా పద్ధతైన మనిషి అయ్యుంటారు. ఆయన ఫొటో మాత్రం ఒక్కటీ దొరకలేదు. దొరికిందల్లా డ్రైవర్‌దే.”

గోడ మీది ఫొటోలో, డ్రైవర్ టోపీ పెట్టుకున్న నల్లజాతి మనిషి బానెట్ మీద చెయ్యేసి నిలబడి ఉన్నాడు. నవ్వడం లేదు.

“మా నాన్న,” అంది వర్నీటా. అనకుండా ఉండాల్సిందని వెంటనే అనిపించింది.

హాల్వర్సన్ ముఖం వెలిగిపోయింది. ఒడెస్సా నడుం మీద చెయ్యేసుకుంది.

“ఇన్నేళ్లలో ఒక్కసారైనా చెప్పావా? దొరగారి దగ్గర డ్రైవరైతే దాచుకోవాల్సిందేముంది? మా నాన్న పందుల్ని మేపాడు. నేను ఊరంతా చెప్పుకున్నాను.”

వర్నీటా ఫొటోలోని టోపీ వైపు చూసింది.

అప్పుడామెకి ఏడేళ్లు. రాత్రిపూట నల్లవాళ్లు కనబడితే సహించని తెల్లవాళ్ల ఊళ్లని చీకటి పడకముందే దాటాలని నాన్న తొందరపడుతున్న ఒక సాయంత్రం, దారిలో తెల్ల పోలీసు ఒకడు ఈ కారునే ఆపాడు. చెయ్యి తుపాకి మీదుంది.

“నీకెక్కడిదిరా ఈ బండి?”

“డాక్టర్ గారిదండి. కాన్పు కేసుంది. డాక్టర్ గారు వేళకి చేరకపోతే ఆ తల్లి దక్కదండి.”

పోలీసు నాన్న టోపీ వైపు చూశాడు. తుపాకి మీంచి చెయ్యి తీశాడు.

“ఈ పిల్లెవరు?”

“మా పిల్లేనండి. వాళ్లమ్మ డాక్టర్ గారింట్లో వంట చేస్తుంది.”

“సరే, పో. మీ డాక్టర్ గారికి నేను అడిగానని చెప్పు.”

“అలాగేనండి.”

ఊరు దాటాక నాన్న టోపీ తీసి పక్కన పెట్టాడు. బండి దిగే ముందు, “దీని గురించి ఎవరేమడిగినా నువ్వు నోరు విప్పకు తల్లీ,” అన్నాడు. ఆయన పోయి ఎంతో కాలమైనా ఆమె విప్పలేదు.

“మేడమ్, ఫొటో కింద బోర్డు పెట్టిస్తాం,” అంటున్నాడు హాల్వర్సన్. “‘డాక్టర్ గారికి నమ్మకస్తుడైన డ్రైవర్’ అని రాయిస్తాం. పేరు తెలియకే ఇన్నాళ్లూ ఆగాం. మీ నాన్నగారి పేరు చెప్పండి.” జేబులోంచి పెన్ను తీశాడు.

బయట బస్సు హారన్ మోగింది. ఒడెస్సా ఆమె చెయ్యి పట్టుకు లాగింది. “చెప్పెయ్యవే, ఇందులో ఆలోచించడానికేముంది? ఆలస్యమైతే భోజనాల దగ్గర మనకి చికెన్ ముక్క కూడా మిగల్చరు.”

వర్నీటా చెయ్యి విడిపించుకుంది. ఫొటోలోని మనిషిని చాలాసేపు చూసింది.

“క్రెన్షా,” అంది, “డాక్టర్ లూథర్ క్రెన్షా.”