మూడు చుక్కలు

“ఎడమ మర, మేస్త్రీ! రింగు లోపల మర పొరపాటున కుడివైపు కోశావో, సరుకంతా వెనక్కొచ్చేస్తుంది” అన్నాడు ఓనరు, లేత్ మిషను మీదికి వంగి.

“ముప్ఫై ఏళ్లుగా మరలు కోస్తున్నాను సార్. ఎడమవైపు బిగిసే పంపు నేనెక్కడా చూళ్లేదు.”

“ఏ దేశపు పంపో, మనకెందుకు? పొలాలకి నీళ్లు తోడేవన్నారు, ఆర్డరిచ్చారు, అంతే. ఇంకోమాట. రింగు మీద పేరు, నంబరు, గుర్తు ఏదీ ఉండకూడదట. నీ చుక్కల పిచ్చి ఇక్కడ చూపించకు.”

“అలాగే సార్.”

ఓనరు అటు తిరిగాడో లేదో, మేస్త్రి పంచ్ తీసుకుని రింగు అంచున టక్ టక్ టక్ మని మూడు చుక్కలు కొట్టేశాడు. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారు కదా! తనూ, భార్యా, కూతురూ. ముగ్గురికీ మూడు చుక్కలు. అతని చెయ్యి పడ్డ ప్రతి వస్తువు మీదా అవి ఉండి తీరాల్సిందే. సుత్తి పిడి మీద ఉన్నాయి, ఇంటి తాళంకప్ప మీద ఉన్నాయి, కూతురు బడికి పట్టుకెళ్లిన స్టీలు టిఫిన్ డబ్బా అడుగున ఉన్నాయి. మూత నొక్కితే టప్పున పడే ఆ పాత డబ్బానే వెంటబెట్టుకుని ఆ పిల్ల పరాయి దేశంలో నర్సు ఉద్యోగానికి వెళ్లింది. ఇంట్లో అందరూ ఆమెను పిట్ట అంటారు.

పిట్ట వెళ్లిన రెండేళ్లకి ఆ దేశంలో యుద్ధం మొదలైంది.

ఇక్కడ ఒక్క బాంబూ పడలేదు గానీ, వీధిని చూస్తే పడ్డట్టే ఉంది. ఓడలు రావడం మానేశాయి. గ్యాసు లేక గాజు బట్టీ చల్లారిపోయింది. బేకరీలో రొట్టె నెలనెలా చిక్కిపోయి, ఆఖరికి బేకరీయే మూతపడింది. పన్నెండు షెడ్లలో ఇప్పుడు మిషను చప్పుడు వినిపిస్తున్నది ఈ ఒక్కదాంట్లోనే.

మధ్యాహ్నం గాజు బట్టీ పనివాడొచ్చి గుమ్మానికి ఆనుకుని నిలబడ్డాడు. “నీకేం అన్నా, అదృష్టవంతుడివి. ఆబోతులు పోట్లాడుకుంటే లేగదూడల కాళ్లు విరిగాయట. మా బతుకు అలా అయింది.”

“ఏదో పంపుల పుణ్యం తమ్ముడూ. యుద్ధమొచ్చినా పైరుకి నీళ్లు కావాలిగా!” అన్నాడు మేస్త్రి. తను చేసిన రింగులు ఏ ఎండిన పొలంలోనో నీళ్లు తోడుతున్నాయని అతను మనసారా నమ్మాడు. ఆ మాట చెప్పినప్పుడల్లా ఛాతీ కొంచెం ఉబ్బేది కూడా.

సాయంత్రం పిట్ట ఫోన్ చేసింది.

“వచ్చెయ్యమ్మా. మీ అమ్మ అన్నం సరిగా ముట్టట్లేదు.”

“వార్డులో ముప్ఫైమంది పిల్లలున్నారు నాన్నా. కట్టుగుడ్డలు ఉతికి మళ్లీ వాడుతున్నాం. ఎలా వదిలేసి రాను?”

“నీకేమన్నా అయితే?”

“ఆసుపత్రి జోలికెవరొస్తారు? అమ్మకి చెప్పు, రోజూ నీ చుక్కల డబ్బాలోనే తింటున్నానని. అంటే మనం ముగ్గురం కలిసే తింటున్నట్టు లెక్క.”

మర్నాటి నుంచి ఫోన్ లేదు. మేస్త్రి ఒక చెవి మిషను మీదా, ఒక చెవి జేబు మీదా పెట్టుకుని పని చేశాడు. చేతులు మాత్రం అలవాటు మానలేదు. మర కోయడం, మూడు చుక్కలు కొట్టడం. పదకొండు రోజులు గడిచాయి. పన్నెండో రోజు ఎవరో ఫోన్ చేసి చెప్పారు, ఆసుపత్రి మీద దాడి జరిగిందని, అమ్మాయి ప్రాణాలతో ఉందని. అతను మిషను కట్టేసి, ఇనప రజను మీదే కూలబడి వెక్కి వెక్కి ఏడ్చాడు.

నెలకి పిట్ట ఇంటికొచ్చింది. కుడిచెయ్యి కట్టుతో మెడకి వేలాడుతోంది. వేళ్లు కదలడం లేదు.

“ఇక సూది పట్టలేను నాన్నా.”

“పోనీలే తల్లీ, నువ్వు దక్కావు, అంతే చాలు” అంది తల్లి, ఆమె బుగ్గలు నిమురుతూ.

“నీ వార్డులో పిల్లలు?” అని అడిగాడు మేస్త్రి.

పిట్ట తల దించుకుంది. “పదకొండుమంది మిగిలారు.”

తర్వాత ఆమె ఎడమచేత్తో సంచి తడిమి చిన్న మందుసీసా బయటికి తీసింది. అందులో ఒక ఇనప ముక్క ఉంది.

“ఇది నా భుజంలోంచి తీశారు. పారేయబోతుంటే దీని మీద నీ చుక్కలు కనిపించాయి. నా డబ్బా ముక్కే నాన్నా! బల్ల మీద నా పక్కనే ఉండేది. నాకు రావాల్సిన దెబ్బకి అదే అడ్డం పడి ఉంటుంది. అక్కడ అందరికీ చూపించాను, మా నాన్న నన్నెలా కాచుకున్నాడో చూడండని.”

తల్లి ఆ ముక్కను అరచేతిలోకి తీసుకుని కళ్లకద్దుకుంది. “చూశారా, మీ చుక్కల పిచ్చి అని నేను కూడా నవ్వేదాన్ని. ఆ పిచ్చే మన పిల్లని కాపాడింది.”

మేస్త్రి ముక్కను అందుకున్నాడు. డబ్బా రేకు ఇంత బరువుండదే అనుకున్నాడు. కిటికీ దగ్గరికెళ్లి వెలుతుర్లో పట్టుకున్నాడు. అంచున మూడు చుక్కలు, తను కొట్టినవే, స్పష్టంగా ఉన్నాయి.

“పోల్చుకున్నావా నాన్నా?” వెనకనుంచి మురిపెంగా అడిగింది పిట్ట.

అతను ముక్కను తిరగేసి లోపలి వైపు బొటనవేలితో తడిమాడు.

మర ఎడమవైపుకి ఉంది.