కళ్లు మూయని మనిషి

ఆ ఆదివారం పాస్టరుగారి నోట "ఆమెన్" రాకముందే ఆర్డిస్ పడింది.

పడింది కూడా ఎక్కడ? చర్చి పాటల బృందం వరుసలో పక్కనే కళ్లు మూసుకుని నిలబడ్డ మిర్టిల్ మీద.

"నీ భక్తి తగలెయ్య, నా భుజం విరిగింది కదే!" అంది మిర్టిల్, చర్చి మొత్తానికి వినబడేలా.

ఆర్డిస్‌కు షుగరు. దానివల్ల పాదాల్లో నరాలు మొద్దుబారాయి. మొన్నటికి మొన్న మంచులో ఒక బూటు ఊడిపోతే, ఉత్త మేజోడుతోనే చర్చి మెట్లెక్కింది. ఎవరో చెప్పేదాకా ఆమెకు తెలియనే లేదు.

అయినా అమెరికాలో, నార్త్ డకోటాలోని ఆ చిన్న ఊళ్లో ఈస్టర్ అంటే ఆర్డిస్ పాటే. పెళ్లి కాకముందు నుంచీ ఆ రోజు ఒక్కరే పాడే సోలో ఆవిడదే.

ఆరాధన అయ్యాక, ఆ పాటల బృందాన్ని, అంటే క్వయర్‌ని, నడిపే లవోన్ ఆమెను పక్కకు పిలిచింది.

"ఆర్డిస్ గారూ, ఇంకోసారి ఇలా జరిగితే మీకు కుర్చీ వేసేస్తాను. సోలో మిర్టిల్ గారు పాడతారు."

"మిర్టిలా? దాని గొంతు వింటే ఆవులు పాలివ్వడం మానేస్తాయమ్మా!"

క్వయర్ వెనక వరుసలో, గోడకున్న కమ్మీని ఆనుకుని నిలబడ్డ నార్బర్ట్ ఆ మాటలు విన్నాడు. ఊళ్లోకి కొత్తగా వచ్చిన మనిషి. పాడితే గొంతు ఉరుముతుంది గానీ, మాటల్లో మాత్రం పరమ పిసినారి.

చిత్రంగా, ఆ తర్వాత ఆర్డిస్ ఊగడం మానేసింది. పడటం మాట అటుంచి, తూలడం కూడా లేదు.

చర్చి కింద హాల్లో కాఫీ తాగుతూ గొప్పలు మొదలుపెట్టింది.

"ప్రార్థనలో ఎవరో వెనక నుంచి మెల్లగా పట్టి నిలబెట్టినట్టుంటోందే. దేవుడి చెయ్యి, ఇంకేముంది!"

"మన లూథరన్ చర్చివాళ్లని దేవుడు ముట్టుకున్నాడని నేనెప్పుడూ వినలేదు," అంది మిర్టిల్. "దూరం నుంచి చెయ్యి ఊపి పోతాడంతే."

ఆర్డిస్‌కు మిగిలింది ఒక్కటే చిరాకు. అదీ లవోన్ చెవిన వేసింది.

"ఆ నార్బర్ట్ సరిగ్గా నా వెనకే చేరాడు. అతన్ని అక్కణ్ణించి తీసెయ్యి. ప్రార్థనలో కళ్లు మూసుకోడు. నా వీపు వైపే చూస్తుంటాడు."

"ఆయన మూసుకోలేదని మీకెలా తెలుసు?"

ఆర్డిస్ చూపు తిప్పుకుంది.

"అనుమానం వచ్చి ఓసారి వెనక్కి చూశాను. తప్పు చేసేవాణ్ణి ఎవరో ఒకరు చూడాలి కదా!"

లవోన్‌కు ఇలాంటి గొడవలంటే భయం. నార్బర్ట్‌ను పిలిచింది.

"కాస్త ప్రార్థనలో కళ్లు మూసుకోండి, నార్బర్ట్ గారూ. జనం ఏదో అనుకుంటున్నారు."

"నిలబడి కళ్లు మూసుకోవడం నాకు కుదరదండీ."

"అయితే... క్వయర్ కూడా కుదరదేమో."

"సరేనండీ."

అంతే. క్వయర్ గౌను విప్పి మడతపెట్టి ఇచ్చేసి, గోడ పట్టుకుని, ఒక్కో మెట్టూ చూసుకుంటూ దిగి వెళ్లిపోయాడు.

"చూశావా ఆ నడక? తాగి కూడా వచ్చినట్టున్నాడు," అంది ఆర్డిస్.

ఈస్టర్‌కు వారం ముందు, అందరూ మట్టలు పట్టుకునే మట్టలాదివారం వచ్చింది. ప్రార్థన మొదలవగానే ఆర్డిస్ ధీమాగా కళ్లు మూసుకుంది.

దేవుడి చెయ్యి ఆ రోజు రాలేదు.

ఈసారి మిర్టిల్ ఒక్కతే కాదు, ఆ వరుసంతా కూలింది. మట్టలు, పాటల పుస్తకాలు, ఎవరిదో పళ్ల సెట్టు కలిసి క్వయర్ నిలబడే మెట్ల మీద దొర్లాయి. దెబ్బలు పెద్దగా ఎవరికీ తగల్లేదు. సోలో మాత్రం మిర్టిల్ పాలైంది. ఆర్డిస్ ఇంటికి వెళ్లి, తలుపు వేసుకుని ఏడ్చింది.

ఆ వారమే డాక్టరు ఆమెను ఫిజియోథెరపీకి పంపాడు. అక్కడి అమ్మాయి నిలబెట్టి కళ్లు మూసుకోమంది. మూసుకోవడం, ఆ అమ్మాయి చేతుల్లో వాలడం ఒకేసారి జరిగిపోయాయి.

"నేలెక్కడుందో మీ పాదాలు కబురు పంపడం మానేశాయండీ. ఇప్పుడా పని మీ కళ్లు చేస్తున్నాయి. నిలబడి ఉన్నప్పుడు కళ్లు మూయకండి. కాళ్లు ఎడంగా పెట్టి, దేన్నయినా గట్టిగా పట్టుకోండి."

"ప్రార్థనలో కూడానా?"

"దేవుడేమీ అనుకోడు. మళ్లీ పడ్డారంటే నేను అనుకుంటాను."

ఈస్టర్ రోజున క్వయర్ ముందు ఆర్డిస్‌కు కుర్చీ వేశారు. ప్రార్థనకు లేచి, కుర్చీ వీపును పట్టుకుని, జీవితంలో మొదటిసారి ప్రార్థన మొత్తం కళ్లు తెరుచుకుని నిలబడింది.

చర్చి కొత్తగా కనిపించింది. పాస్టరుగారు గోడ గడియారం చూసుకుంటున్నారు. సోలో ముందు మిర్టిల్ గుట్టుగా బుగ్గన పిప్పరమెంటు పెట్టుకుంటోంది. ఆర్డిస్‌కు నవ్వొచ్చింది.

అప్పుడు చివరి బెంచీ వైపు చూసింది. వంచిన తలల మధ్య ఒక్క తల ఎత్తి ఉంది.

నార్బర్ట్.

కాళ్లు బాగా ఎడంగా పెట్టి, ముందున్న బెంచీని రెండు చేతులా బిగించి పట్టుకున్నాడు. అయినా కొద్దికొద్దిగా ఊగుతున్నాడు. ఆమె కళ్లు తెరిచి ఉండటం చూసి, తనవాళ్లను పలకరించినట్టు తల పంకించాడు.

సిగ్గుతో ఆర్డిస్ ముఖం వేడెక్కింది.

నిలబడటానికి రెండు చేతులూ కావలసిన ఆ మనిషి, ఆర్డిస్ వెనక నిలబడ్డ ఆదివారాలన్నీ గోడ కమ్మీని ఒక్క చేత్తోనే పట్టుకున్నాడనీ, రెండో చెయ్యి ఆర్డిస్ గౌనును వెనక నుంచి పట్టుకుని ఉండేదనీ ఆమెకు అప్పుడు అర్థమైంది.