తుప్పు పట్టని మామయ్య

డెబ్భై దాటినా మామయ్యకు చావు మీద ధ్యాస లేదు. మేనల్లుడికి మాత్రం అదొక్కటే ధ్యాస.

మామయ్యకు పిల్లల్లేరు. అత్తయ్య ఏనాడో పోయింది. ఇనుప గేట్లు చేసే ఆయన వర్క్‌షాపు, ఆయన తర్వాత, ఆ ఇంట్లోనే పెరిగిన ఈ అక్క కొడుకుదే. ఆ ‘తర్వాత’ ఎప్పుడో దేవుడికే తెలియాలి. ఆ దేవుడేమో మామయ్య పక్షం. పొద్దున్నే లేచి దండం పెట్టేవాళ్లంటే ఆయనకు మొహమాటం కాబోలు.

అది చాలదన్నట్టు డాక్టరు మామయ్యకు కొత్తగా ఏవో గొట్టం మాత్రలు రాశాడు.

“ఏమిటి మామయ్యా ఇవి?”

“యాంటీ ఆక్సిడెంట్లట అల్లుడూ! ఒంట్లో ఫ్రీ రాడికల్స్ అని దొంగలుంటాయట. ఒక ఎలక్ట్రాన్ తక్కువై, పక్కవాడిది లాక్కుంటాయి. పోగొట్టుకున్నవాడు ఊరుకుంటాడా? వాడూ దొంగై ఇంకొకడి మీద పడతాడు. అలా మన కణాలన్నీ గుల్లవుతాయి.”

“మరి ఇవేం చేస్తాయి? లాఠీ పుచ్చుకుని తరుముతాయా?”

“కొట్టడాల్లేవురా. తమ ఎలక్ట్రానే తీసి దొంగ చేతిలో పెడతాయి. ‘ఇంద నాయనా, ఇక బుద్ధిగా కూర్చో’ అని. ఇచ్చాక తాము మాత్రం దొంగలవ్వవు. మనం గేటుకి జింకు పూత వేస్తాం చూడు, తాను తుప్పు పట్టి ఇనుముని కాపాడుతుంది. ఇదీ ఆ బాపతే.”

అల్లుడు ఆ మాత్రల సీసా వంక గుర్రుగా చూశాడు. ముసలాయనకు లోపల కూడా పూత వేస్తే ఇక పోయినట్టే. ఆయన కాదు, వర్క్‌షాపు!

ఆ సాయంత్రం మామయ్య స్నానానికి వెళ్లగానే గొట్టాలు విప్పి మందంతా సింకులో పారబోశాడు. వర్క్‌షాపులో తుప్పు వదిలించే తెల్లపొడి నింపి, ఎప్పట్లా మూసి సీసాలో పెట్టేశాడు. ఇనుముకి పట్టిన తుప్పును వదిలించేది, తనకు పట్టిన మామయ్యను వదిలించదా? సీసా మారినప్పుడల్లా అదే పని.

“మాత్ర సంగతి చూశావా మామయ్యా?” రోజూ పొద్దున్నే ప్రేమగా అడిగేవాడు.

“ఆ పనెప్పుడో అయిపోయింది. ఇంద, తాగు,” అని మామయ్య అలవాటుగా నిమ్మరసం గ్లాసు అందించేవాడు.

“అబ్బ! ఈ మధ్య పులుపు చంపేస్తోంది మామయ్యా.”

“నిమ్మకాయ పుల్లగా ఉండక, నీ మాటల్లా తియ్యగా ఉంటుందట్రా?”

నెలలు గడిచాయి. మామయ్య ఈల వేసుకుంటూ గేట్లకు రంగులేస్తున్నాడు. అల్లుడికి మాత్రం నడుం పీకుతోంది, కాళ్లు వాస్తున్నాయి, తిన్నది కడుపులో నిలవడం లేదు. పాపభయం అనుకున్నాడు. తప్పు చేసేవాడికి ఇంత నీరసం పెట్టి, దేవుడు ఎవరికి సాయం చేస్తున్నట్టు?

ఒక రోజు సగం బిగించిన గేటు ముందే కూలబడ్డాడు.

ఆస్పత్రిలో డాక్టరు పెదవి విరిచాడు. “కిడ్నీలు రెండూ దెబ్బతిన్నాయి. రోజూ కొంచెం కొంచెంగా ఏదో విషం లోపలికి వెళ్తోంది. ఏం పెడుతున్నారు ఇతనికి?”

“ఇంటి తిండే బాబూ! నేను తిన్నదే వీడూ తింటాడు,” అని మామయ్య కళ్లు ఒత్తుకున్నాడు.

డాక్టరు వెళ్లాక అల్లుడు మామయ్య నిగనిగలాడే బుగ్గల వంక చూశాడు. ఎంత ఆలోచించినా అంతు చిక్కలేదు.

“నీకేం కాలేదేం మామయ్యా? ఆ మాత్రలు... రోజూ వేసుకుంటూనే...”

మామయ్య తప్పు చేసినవాడిలా తల వంచుకుని, జేబులోంచి సీసా తీశాడు.

“తిట్టకురా అల్లుడూ. ఎప్పుడో తుప్పు పట్టిన నాకు పూతెందుకని, కొన్న రోజు నుంచీ ఈ గొట్టాలు విప్పి నీ నిమ్మరసంలోనే కలుపుతున్నాను. ఇవాళ్టిది మానకూడదని వెంట తెచ్చాను, ఏదీ, నోరు తెరు!”