అయిదు, మూడున్నర

తూకం పళ్ళెంలో పడుకోబెట్టగానే పసివాడు కెవ్వుమన్నాడు.

"మూడున్నర," అంది ఆయా ముల్లు చూసి. "తీసుకోండమ్మా. తర్వాత ఎవరు?"

సుబ్బలక్ష్మి బిడ్డను ఎత్తుకుంది గాని అక్కడి నుంచి కదల్లేదు.

"ఇంకోసారి చూడవమ్మా. పుట్టినప్పుడు ఇక్కడే తూచారు. అయిదు ఉన్నాడు."

"అది పాత మిషనండి. ఇది కొత్తగా వచ్చింది. ముల్లు ఎక్కడ ఆగితే అది చెప్పమన్నారు, చెబుతున్నాను."

"నర్సమ్మగారు లేరా?"

"కానుపుకెళ్ళారు. ఎప్పుడొస్తారో తెలీదు."

ప్రసూతి కేంద్రం నుంచి బండిలో ఇంటికి వస్తున్నంతసేపూ అత్తగారు సుందరమ్మ వేళ్ళు మడుస్తూనే ఉంది.

"అయిదులో ఒకటిన్నర పోయింది. రెండు నెలలకే ఇంత పోతే ఇంకెన్నాళ్ళే అమ్మాయ్, మనకి వీడు?"

"చూడ్డానికి బాగానే ఉన్నాడు కదండీ. బుగ్గలు కూడా వచ్చాయి."

"అది నీరు. నీరు పడితే అలాగే కనిపిస్తారు."

సుబ్బలక్ష్మి బిడ్డ బుగ్గ తడిమి చూసింది. కానుపైన వారానికే టైఫాయిడ్ వచ్చి ఆమెకు పాలు ఎండిపోయాయి. అప్పటినుంచీ డబ్బా పాలే. తాగిన దాంట్లో సగం వాడు కక్కేస్తూనే ఉన్నాడు.

"దిష్టి," అంది సుందరమ్మ చివరికి. "ఆ సత్తెమ్మ దిష్టి."

సత్తెమ్మ కొల్లేటి లంక మనిషి. ఈ రెండు నెలలుగానే వీళ్ళ ఇంటికి చేపలు తెస్తోంది. పొద్దున్నే వచ్చి, మట్టగిడసలో జెల్లలో దొడ్లోనే కడిగి శుభ్రం చేసి ఇచ్చేది. చేతులు రుద్ది రుద్ది కడుక్కుని, "మీరు కూసేపు నడుం వాల్చండమ్మా, బాబుగారిని నేను ఆడిస్తానండి," అంటూ పిల్లాణ్ణి గడ్డివాము పక్క నీడలోకి తీసుకెళ్ళేది. ఊరంతా తిరిగి అమ్ముకుని పోయేటప్పుడు ఖాళీ గంపతో మళ్ళీ వచ్చేది. ఆమె తెచ్చి ఇచ్చేసరికి వాడు నిద్రపోయి ఉండేవాడు.

"దాని బిడ్డ పురిట్లోనే పోయిందట. ఆ చూపంతా మనవాడి మీదే. అది ఎత్తుకుని దించాక వీడు సీసా ముడుతున్నాడా? నువ్వే చెప్పు."

ముట్టడు. ఆ సంగతి సుబ్బలక్ష్మి కూడా గమనించింది. సత్తెమ్మ వచ్చి వెళ్ళాక సీసా చూపిస్తే చాలు, మొహం తిప్పేసుకుంటాడు.

మర్నాడు సత్తెమ్మ గంప దించకముందే సుందరమ్మ దొడ్డి తలుపుకి అడ్డంగా నిలబడింది.

"అక్కడే ఆగు. ఇంక ఈ గడప తొక్కకు."

"నేనేం చేశానండి?"

"ఏం చేశావా? నీ బిడ్డని మింగావు, చాల్లేదా? అయిదు ఉన్నవాడు మూడున్నరకి దిగాడు. నిన్ననే తూచి చెప్పారు."

సత్తెమ్మ పెద్దావిడ వెనక నిలబడ్డ సుబ్బలక్ష్మి వైపు చూసింది.

"నిజంగానే తగ్గిపోయారా అండీ, బాబుగారు?"

"తగ్గాడు," అంది సుబ్బలక్ష్మి నేల చూస్తూ.

సత్తెమ్మ మొహంలో నెత్తురు చుక్క లేదు. ఏదో అనబోయి ఆగిపోయింది.

"అయితే ఇంక నేను రానండి. రాకూడదు," అని వెనక్కి తిరిగింది.

సుందరమ్మ ఉప్పూ మిరపకాయలూ దిగదుడిచి పొయ్యిలో వేసింది. సాయంత్రానికి పిల్లాడు సీసా పట్టాడు.

"చూశావా?" అంది కోడలితో.

తాగినదంతా కాసేపటికి కక్కేశాడు.

వారం తిరక్కుండానే విరేచనాలు పట్టుకున్నాయి. బుగ్గలు లోపలికి పోయాయి. ఏడవడానికి కూడా ఓపిక లేక మూలిగేవాడు.

ఇప్పుడు చేపలు మరిడమ్మ తెస్తోంది. ఆమెదీ ఆ లంకే.

"సత్తెమ్మ కనిపిస్తోందా?" అని అడిగింది సుబ్బలక్ష్మి.

"ఎక్కడండీ, ఎల్లిపోయింది. మొగుడూ పెళ్ళాం దోనె అమ్మేసుకుని ఎటో పోయారండి. కాకినాడని కొందరంటారు, బందరని కొందరంటారు. పోయేముందు ఒకటే ఏడుపండి. 'నా దగ్గర పిల్లలు బతకరే మరిడీ' అని."

"తన సంగతి తనకే తెలిసింది, నయం," అంది సుందరమ్మ.

సుబ్బలక్ష్మికి మనసు కాస్త తేలికపడింది. మనిషి ఊళ్ళోనే లేకపోతే చూపు మాత్రం ఎలా తగులుతుంది?

కానీ పిల్లాడు తేరుకోలేదు. మళ్ళీ బండి కట్టించారు. ఈసారి నర్సు జీవరత్నం ఉంది. వాణ్ణి పళ్ళెంలో పెట్టి, ముల్లు చూసి, మళ్ళీ వంగి చూసింది.

"మూడే ఉందేమిటి? కిందటిసారి మూడున్నర అని ఆయా చెప్పిందే!"

"తగ్గుతూనే ఉన్నాడండి," అంది సుబ్బలక్ష్మి. "పుట్టినప్పుడు అయిదు కదండీ."

"అవి పౌన్లమ్మా! ఇవి కిలోలు. కొత్త తూకాలు వచ్చాయి కదా. ఒక్క కిలో అంటే రెండు పౌన్ల పైమాటే. మూడున్నర కిలోలంటే దగ్గర దగ్గర ఎనిమిది పౌన్లు. అయిదు నుంచి ఎనిమిదికి వచ్చాడని విని, గండం గడిచిందనుకున్నాను."

సుందరమ్మ వేళ్ళు మడవబోయి ఆపేసింది.

"మరి ఇప్పుడెందుకు ఇలా అయిపోయాడండీ?" అంది సుబ్బలక్ష్మి.

"నేనూ అదే అడుగుతున్నాను. సత్తెమ్మ రావడం లేదా?"

సుబ్బలక్ష్మి తెల్లబోయింది.

"సత్తెమ్మ మీకెలా తెలుసండీ?"

జీవరత్నం ఒకసారి సుందరమ్మ వైపు చూసింది. గొంతు తగ్గించింది.

"మీ పెద్దవాళ్ళు ఒప్పుకోరని చెప్పలేదమ్మా. చేపల గంప వంక మాత్రమే. తన బిడ్డని మట్టి చేసి వచ్చిన రోజున ఆమె చేతులు పట్టుకుని, మీవాడికి పాలిచ్చి రమ్మని నేనే పంపాను; ఈ రెండు నెలలూ మీ బాబు బతికింది ఆ తల్లి పాల మీదే."