చల్లటి కబురు

మత్తుమందుల నియంత్రణ కార్యాలయంలో ఆమె బల్ల మీది ఫోన్ రోజూ పొద్దున్నే మోగేది.

“మా అబ్బాయిని పొట్టన పెట్టుకున్న ఆ కొత్త బిళ్లను ఇంకా నిషేధించలేదా అమ్మా?” అని ఓ పెద్దాయన అడిగేవాడు.

“పేరుకే అత్యవసర ఉత్తర్వు బాబాయ్! ఫైలేమో బల్లబల్లకీ కునుకు తీస్తోంది. అది రానిదే అమ్మేవాళ్లని ముట్టుకోలేం.”

ఆయన నిట్టూర్పు వినలేక ఆమె వెళ్లి పై అధికారుల మీద విరుచుకుపడేది. “నీకెందుకమ్మా అంత తొందర?” అనేవాళ్లు వాళ్లు.

ఎట్టకేలకు సంతకాలు పడ్డాయి. మనసాగక ఆయనకు ముందే చెప్పేసింది. “సోమవారం వచ్చేస్తుంది బాబాయ్. ఎవరితోనూ అనకండి.”

“నీ కడుపు చల్లగా ఉండాలి తల్లీ!”

సోమవారం ఉత్తర్వు వెలువడింది. ఆ బిళ్లలు దాచిన గోడౌన్ మీద దాడికి ఇన్‌స్పెక్టర్ బయల్దేరాడు. గంట గడిచాక ఆమె ఆగలేక తన సెల్ తీసి బాబాయికి ఫోన్ చేసింది.

అవతల పలికింది ఇన్‌స్పెక్టర్ గొంతు.

“ఎవరండీ? ఇక్కడ గోడౌనంతా ఊడ్చిపెట్టినట్టు ఖాళీ. ఈ ఫోనొక్కటే వదిలేసి పారిపోయారు. ఇంతకీ మీరు వీళ్లకేమవుతారు?”