నిలువెత్తు బెల్లం

“అవ్వా, పెన్ను ఆపొద్దు. తప్పులు చూడొద్దు. చేతికేదొస్తే అది రాయి. నీ పరేషాన్ జర తగ్గుతది.”

శిక్షణలో మేడం నేర్పిన ఉపాయం నాకు చెప్పి, నా బిడ్డ రవళి జడ వేసుకుంటోంది. ఇంకాసేపట్లో బొగ్గు గనిలో డంపర్ తోలే పరీక్షకు పోవాలి.

బ్రేకులు పడకపోతే ఎట్ల అని రాశాను. బండి గుంతలో పడితే ఎట్ల అని రాశాను. సమ్మక్క తల్లీ, మొక్కినట్టే పిల్ల బరువంత బెల్లం పెడతా, చల్లగా చూడు అని రాశాను. పెన్ను ఆగలేదు. ‘పరీక్ష తప్పి ఇంటికి రావాలె’ అని రాసింది.

గబుక్కున చేత్తో కప్పేశాను.

“గంత సిగ్గేంది? నన్ను తిట్టినవా?” నవ్వుతూ కాగితం లాక్కుంది. చదివాక ఆ నవ్వు పోయింది.

“నేను పాస్ కావాలని మా అవ్వ మొక్కిందని వాడకట్టంత చెప్పుకున్న.”

“నేనూ గదే మొక్కిన అనుకున్న బిడ్డా. రాస్తెనే తెలిసింది.” తల ఎత్తలేకపోయాను.

రవళి కాగితం మడిచి నా చేతిలో పెట్టింది. చెప్పులేసుకుని గడప దగ్గర ఆగింది.

“నేను ఫెయిలైతే నీ మొక్కు తీరినట్టే గద. గప్పుడు బెల్లం తూకానికి నన్నే కూసోబెడ్తవా అవ్వా?”