పక్కన పెట్టిన కట్టలు

కోరుట్లలో బీడీల కేంద్రం తెరిచిన నాడు రాజలింగం చేతిలో ఉన్నవి ఒక తక్కెడ, రెండు గంపలు. ఇప్పుడు కొడుకు హైదరాబాద్‌లో లక్షల ఫీజు కాలేజీలో చదువుతున్నాడు.

భూమవ్వ చేసి తెచ్చిన బీడీల్లోంచి, రోజూ అందరివీ తీసినట్టే, రాజలింగం నాలుగు కట్టలు బాగా లేవని తీసి గంపలో వేశాడు. వాటికి కూలి రాదు.

“ఇయ్యాల తియ్యకు సేటూ. బిడ్డకు జగిత్యాలల నర్సింగు సీటు అచ్చింది. రేపటికి ఫీజు కట్టాలె, ప్రతి పైస కావాలె. దాని నాయిన మస్కట్ కెళ్లి పైసలు పంపక మూడు నెలలాయె.”

“బీడీలు చేసుడు నేర్పక నర్సింగెందుకే? పిల్లల మీద పెట్టుడంటే మాటలా? నన్ను సూడు, నా కొడుకు మీద ఎనిమిది లక్షలు పెట్టిన.”

భూమవ్వ గంపలోంచి తన కట్టలు తీసి అతని ముందు పెట్టింది.

“గిన్నేండ్ల సంది తీస్తున్నవు. పాడైనయైతే నా ముందట్నే తుంపు.”

రాజలింగం కట్ట పట్టుకున్నాడు. తుంచలేదు. సాయంత్రానికి అవి మంచి బీడీల్లో కలిసి అమ్ముడుపోవాలి.

“తుంపవు. తుంపితే నీ కొడుకు ఫీజెట్ల?”

వెనుక తమ బీడీలతో వరుసలో నిలబడ్డ ఆడవాళ్లు పకపకా నవ్వారు. “మాయి గూడ తుంపు సేటూ!”

రాజలింగం నాలుగు కట్టలకూ కూలి రాశాడు. తలెత్తి వరుస చూశాడు. నలభై మంది తల్లులు. ఇన్నేళ్లూ నలభై మందీ కలిసి చదివించింది ఒక్క పిల్లవాణ్నే. అందులో తండ్రి సొంతంగా పెట్టింది రూపాయి లేదు.